గురువారం తెచ్చిన రాజీనామా

పాస్టర్లు రాజీనామా చేసేది సోమవారం పొద్దున. ఈ సంగతి సంఘాలకు తెలియదు, పాస్టర్ల భార్యలకు తెలుసు, పెద్దయ్యగారికి మరీ బాగా తెలుసు. ఆదివారమంతా నిలబడి మాట్లాడి, గొంతు బొంగురుపోయి, చివర్లో ఎవరో ఒకరు "ప్రసంగం బాగుంది గానీ కాస్త పొడుగైందండీ" అని ఓ ముక్క పారేసి పోయాక, మర్నాడు తెల్లారేసరికి ప్రతి పాస్టరుకూ ఒకటే ఆలోచన వస్తుంది: ఈ పని నాది కాదు, ఏదైనా కొట్టు పెట్టుకుని బతికినా పోయేది. వెంటనే కాగితం తీసి రాసేస్తారు. నలభై ఏళ్ళు సంఘం నడిపి విశ్రాంతి తీసుకున్న పెద్దయ్యగారు తన కాలంలో అలాంటివి ఎన్ని రాసి చించేశారో ఆయనకే గుర్తులేదు.

అందుకని, కొత్త సంఘాలు మొదలుపెట్టే కుర్ర పాస్టర్లను చేరదీసి దారి చూపే పని నెత్తికెత్తుకున్నప్పుడు, ఆయన మొట్టమొదట పెట్టిన నియమం ఇదే. రాజీనామా ఎవరైనా రాయొచ్చు. రాసి, కవరు అంటించి, ఆయన ఇంటికి తెచ్చి ఇవ్వాలి. గురువారం దాకా ఆయన దాన్ని విప్పరు. ఈలోపు మనసు మారితే వచ్చి కవరు పట్టుకుపోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. ఆయన భార్య, అందరికీ అమ్మగారు, టీ ఇచ్చి పంపుతారు, అంతే.

పదకొండేళ్ళలో ఆ ఇంటి బీరువా సొరుగులోకి ఎన్నో కవర్లు వచ్చాయి. ఒక్కటంటే ఒక్కటి గురువారం మొహం చూడలేదు. ఒకాయనైతే నెలకొకటి తెచ్చేవాడు. రాసి రాసి విసుగెత్తి, చివరికి పాత కవరే తెచ్చిచ్చి మళ్ళీ పట్టుకుపోవడం మొదలుపెట్టాడు. అది నలిగి నలిగి చేతిరుమాలంత మెత్తగా అయింది. బుధవారం సాయంత్రాలు తలవంచుకుని కవరు కోసం వచ్చేవాళ్ళను చూసి పెద్దయ్యగారు లోలోపల మురిసిపోయేవారు. గర్వం పాపమని ఆయనే ఎన్నో ప్రసంగాల్లో చెప్పారు. ఈ ఒక్క గర్వాన్ని మాత్రం దేవుడు చూసీ చూడనట్టు వదిలేస్తాడని ఆయన ధీమా.

అలాంటి ఇంటికి, ఒక గురువారం పదకొండు గంటలవేళ, లిఫ్టు పాస్టరు వచ్చాడు.

లిఫ్టు పాస్టరంటే వారమంతా లిఫ్టులు బాగుచేసి, ఆదివారం సంఘం నడిపే మనిషి. పొడుగు ఎక్కువ, మాట తక్కువ, గోళ్ళలో గ్రీజు ఎంత తోమినా పోదు. ఒక డ్రైవింగ్ స్కూలు వాళ్ళ క్లాసు గది ఆదివారం పొద్దున ఖాళీగా ఉంటుందని తెలిసి, అడిగి, ఏడు నెలల కిందట అందులో సంఘం మొదలుపెట్టాడు. గది గోడలనిండా రోడ్డు గుర్తుల పటాలు. 'ఆగుము' అన్న ఎర్ర పటం కింద నిలబడి అతను ప్రసంగం చెప్పాలి. ఎదురుగోడ మీద 'హారన్ కొట్టరాదు' అని ఇంకొకటి అతన్నే చూస్తూ ఉంటుంది. పెద్దయ్యగారి ఆరుగురు శిష్యుల్లో ఇతను ఆఖరివాడు. ఆరుగురూ తనకు సమానమేనని ఆయన అందరికీ చెప్పేవారు. అమ్మగారికి మాత్రం చెప్పేవారు కాదు, ఆవిడ నమ్మరని.

"రా నాయనా, కూర్చో. ఇవాళ పనికి పోలేదా?"

అతను కూర్చోలేదు. చొక్కా జేబులోంచి కవరు తీసి బల్ల మీద పెట్టాడు.

పెద్దయ్యగారు నవ్వారు. "రోజు తప్పావోయ్. ఇవాళ గురువారం."

"తెలుసండి. అందుకే ఇవాళ తెచ్చాను. సోమవారం రాశాను. మంగళవారం చదువుకున్నాను, నిన్న మళ్ళీ చదువుకున్నాను. ఒక్క అక్షరం మార్చాలనిపించలేదు. ఇంక మీరు విప్పొచ్చు."

సోమవారం రాజీనామా అంటే అలసట, నిద్ర చాలక వచ్చిన మాట. దానికి మందు ఆయన దగ్గరుంది. గురువారం రాజీనామాకు మందు లేదు. ఆయన నియమమే చెబుతోంది, ఇది నిజమైనదని.

"ఏమైంది నాయనా? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదండి. ఇది దొరికింది. పాటల పుస్తకంలో ఎవరో మర్చిపోయారు." లిఫ్టు పాస్టరు ప్యాంటు జేబులోంచి ఇంకో కాగితం తీశాడు. నాలుగు మడతలు పెట్టిన రూళ్ళ కాగితం. మడత విప్పకముందే పెద్దయ్యగారు దాన్ని గుర్తుపట్టారు. తన చేతిరాతను మనిషి ఎంత దూరం నుంచైనా గుర్తుపడతాడు.

"నేను చదవనా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చదివాడు. "మొదటి రెండు ఆదివారాల వంతు ఏడుగురు, తరవాతి రెండు ఆదివారాల వంతు ఇంకో ఏడుగురు. ఐదో ఆదివారం వస్తే కండక్టరుగారి ఇష్టం. అందరూ పది నిమిషాలు ముందే చేరాలి. గుంపుగా రాకూడదు. వెనక వరసలో కూర్చోరాదు. పాట రాకపోయినా పెదవులు కదపాలి. ప్రసంగం నడుస్తుండగా ఒక్కొక్కరు కనీసం మూడుసార్లు ఆమెన్ అనాలి, అందరూ ఒకేచోట అనరాదు. నిద్ర వస్తే బయటికి పోయి నీళ్ళు తాగి రావాలి. ఎవరు పంపారని అడిగితే దేవుడు పంపాడని చెప్పాలి."

వంటగది గుమ్మంలో గిన్నె తుడుస్తూ నిలబడ్డ అమ్మగారి చెయ్యి ఆగిపోయింది. "ఏమిటండీ ఇది?" అన్నారావిడ. పెద్దయ్యగారు తేలు కుట్టిన దొంగలా బల్ల వైపు చూస్తూ ఉండిపోయారు.

జరిగిందేమిటంటే, ఏడు నెలల కిందట ఆ గదిలో మొదటి ఆరాధనకు పెద్దయ్యగారు స్వయంగా వెళ్ళారు. ముప్ఫై ప్లాస్టిక్ కుర్చీలు, నలుగురు మనుషులు. ఎదురుగా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ ఆ పొడుగాటి పిల్లవాణ్ణి చూస్తే ఆయన కడుపు తరుక్కుపోయింది. ఇంటికి రాగానే తన పాత సంఘంలో పెద్దగా ఉన్న కండక్టరుగారికి ఫోను చేశారు. ఆయన బస్సు కండక్టరుగా రిటైరై చాలాకాలమైనా మనుషుల్ని సీట్లలో సర్దడం ఇంకా మానలేదు. ఇద్దరూ కూర్చుని పద్నాలుగు మంది విశ్వాసుల్ని ఏరి, వంతులు వేశారు. రెండు నెలల్లో నిలదొక్కుకుంటాడు, అప్పుడు ఆపేద్దాం అనుకున్నారు. రెండు కాస్తా ఏడయ్యాయి. మంచి పనిని ఎక్కడ ఆపాలో ఎవరికి తెలుస్తుంది?

"నీకోసమే కదా నాయనా" అన్నారు చివరికి. "ఖాళీ కుర్చీలకు ప్రసంగం చెప్తే మనిషి కుంగిపోతాడు. మొక్క నిలబడేదాకా పక్కన కర్ర పాతి కడతాం. అందులో తప్పేముంది?"

"కర్ర పాతి, అదే కాండమని నాకు చెప్పారండి."

పెద్దయ్యగారు బల్ల మీది కవరును అటూ ఇటూ జరిపారు.

లిఫ్టు పాస్టరు గొంతు పెంచే మనిషి కాదు. అదే మామూలు గొంతుతో చెప్పుకుపోయాడు. "నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున నేను ప్రార్థన చేశానండి. ఈ పనికి నేను పనికొస్తానా రానా, ఇవాళ ఒక గుర్తు చూపించు ప్రభువా అన్నాను. ఆ రోజు ప్రసంగం మధ్యలో కండక్టరుగారు లేచి నిలబడి మరీ ఆమెన్ అన్నారు. కళ్ళు మూసుకుని, చెయ్యెత్తి. ఇంటికెళ్ళి మా ఆవిడకు చెప్పి ఏడ్చాను. దేవుడు జవాబిచ్చాడన్నాను. మొన్న ఆయన్నే అడిగితే, అప్పటికి రెండే అయ్యాయి, ప్రసంగం అయిపోవస్తోందని కంగారుపడి లేచానన్నారు."

నవ్వు రావలసిన మాటే. ఎవరికీ రాలేదు.

"మీరు పంపినవాళ్ళు పోగా ఐదుగురు మిగులుతారండి. అందులో స్కూలాయన తాళం వేసుకోవడానికి ఉంటారు. ఆదివారం ఒక్కసారి వెళ్ళి, ఇంక గది అక్కర్లేదని ఆయనకు చెప్పేసి, మిగతావాళ్ళ దగ్గర సెలవు తీసుకుంటాను. మీ మీద కోపం లేదండి. నాకు రాని పనిని నాకు వచ్చని ఇంతకాలం అనుకున్నాను, అంతే."

అమ్మగారు తెచ్చిన టీ వైపు అతను చూశాడు. "వద్దమ్మగారూ" అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో టీ తాగకుండా పోయిన పాస్టరు అతనొక్కడే.

ఆ టీ అమ్మగారే తాగారు, పెద్దయ్యగారి ఎదురుగా కూర్చుని, గుటక గుటకకీ ఒక మాట అంటూ. "వంట నేర్పిస్తానని పిల్లాణ్ణి పొయ్యి దగ్గర నిలబెట్టి, కూర మీరు చేసి గిన్నెలో పోసి, ఆహా ఏం వండావురా అన్నట్టుంది మీ పని."

"నేను పడ్డ బాధ వాడు పడకూడదనుకున్నాను."

"ఆ బాధ సంగతి వాడికి ఎప్పుడైనా చెప్పారా? చెప్పరు. నలభై మంది కథ చెప్పుంటారు."

చెప్పారు. నలభై మంది కథ ఆరుగురికీ చెప్పారు. తాను సంఘం మొదలుపెట్టిన తొలి ఆదివారమే నలభై మంది వచ్చారని, చాపలు చాలక పక్కింటి నుంచి తెచ్చి పరిచారని. మొదట్లో ఈ కథలో జనం పదిమందే. ఏడాదికేడాది పంట బాగా పండి నలభైకి చేరింది. కుర్రవాళ్ళకు ధైర్యంగా ఉంటుందని చెప్పేవారు. చెప్పగా చెప్పగా ఆయనే నమ్మడం మొదలుపెట్టారు.

"నలుగురండీ" అన్నారు అమ్మగారు. "ఇద్దరు వానకు తడవకుండా లోపలికొచ్చి, వాన తగ్గగానే పోయారు. మూడోదాన్ని నేను. నాలుగోది మా అమ్మ, సగంలో నిద్రపోయింది. ఆ తరవాత తొమ్మిది నెలలు మీరు ఆదివారం మధ్యాహ్నం అన్నం ముట్టుకునేవారు కాదు. నాకు గుర్తులేదనుకున్నారా?"

పెద్దయ్యగారికీ గుర్తుంది. ఆ తొమ్మిది నెలలు ఆయన జీవితంలో ఎవరికీ చూపించని గది. తనను ఎవరో మోసం చేసి ఆ పనికి పంపారని, ఆ ఎవరో దేవుడేనని అప్పట్లో ఆయనకు అనిపించేది. ఆ మాట నోరు తెరిచి ఎవరికీ చెప్పలేక చచ్చిపోయాడు మనిషి. అంత సిగ్గుపడ్డ సంగతిని దాచుకుని, పైన నలభై మంది జనాన్ని కూర్చోబెట్టి, అదే నిజమని పిల్లలకు పంచారు. వాళ్ళేమో తమ ఖాళీ కుర్చీల్ని ఆ నలభైతో పోల్చుకుని సోమవారం సోమవారం కవర్లు మోసుకొచ్చారు. పదకొండేళ్ళుగా ఆయన ఒక చేత్తో జబ్బు పంచి, ఇంకో చేత్తో మందు ఇచ్చారన్నమాట. ఇది తట్టేసరికి ఆయనకు కూర్చున్నచోట కూర్చోబుద్ధి కాలేదు.

శనివారం కండక్టరుగారికి ఫోను చేశారు. "రేపు ఎవ్వరూ పోవద్దు. రేపే కాదు, ఇంకెప్పుడూ వద్దు. అంతా రద్దు."

"రద్దా? టిక్కెట్లు కొట్టేశాక బస్సు ఆపేస్తే ఎలాగండీ అయ్యగారూ? రేపు నా వంతు కూడా. నేను ఊరికే పోయి కూర్చుంటాను, ఒక్క ఆమెన్ కూడా అనను."

"ఊరికే కూడా వద్దు."

"మరి నాకు అక్కడ అలవాటైపోయింది" అని కండక్టరుగారు చిన్నబోయి ఫోను పెట్టేశారు.

ఆదివారం పొద్దున పెద్దయ్యగారు బట్టలు మార్చుకుంటుంటే అమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. "వెనక వరసలో కూర్చోండి. నోరు తెరిస్తే నిజమే చెప్పండి. వాణ్ణి ఉండమని మాత్రం బతిమాలకండి. ఉండమంటే మీకోసం ఉంటాడు. అది ఇంకా ఘోరం."

డ్రైవింగ్ స్కూలు గదిలో ముప్ఫై కుర్చీలూ ఎప్పటిలాగే వేసి ఉన్నాయి. ఆఖరి రోజైనా లిఫ్టు పాస్టరు ఒక్క కుర్చీ తగ్గించలేదు. మనుషులు ఐదుగురు. తాళంచెవుల గుత్తి ఒళ్ళో పెట్టుకుని స్కూలాయన, ఒకరి పాటల పుస్తకంలోకి ఒకరు తొంగిచూసే ముసలి దంపతులు, చంటిపిల్లతో ఒకమ్మాయి, పక్క వీధిలో ఒక అపార్టుమెంటుకు కాపలా కాసే ఆవిడ. కాపలావిడ ఎప్పుడూ గోడవార కూర్చుంటుంది, యూనిఫాం మీద శాలువా కప్పుకుని. పాట మొదలైంది గానీ వంతుకొచ్చే ఏడుగురి గొంతులు లేక చిక్కిపోయింది. గట్టిగా పాడింది చంటిపిల్ల ఒక్కతే, అదీ వేరే రాగం.

లిఫ్టు పాస్టరు వెనక వరస వైపు చూశాడు. "పెద్దలు వచ్చారు. రెండు మాటలు చెప్తారు." కోపంతో పిలిచాడో, పెద్దవాళ్ళు వస్తే పిలవాలన్న మర్యాదకు పిలిచాడో ఆ మొహం చూసి చెప్పడం కష్టం.

పెద్దయ్యగారు లేచారు. నలభై ఏళ్ళు వేలమంది ముందు నిలబడ్డ ఆయన, ఈ ఐదుగురి ముందుకు పోకుండా వెనక వరసలోంచే మొదలుపెట్టారు.

"చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోతుందో లేదో నాకు తెలీదు గానీ చెప్తాను. ఇన్నాళ్ళూ ఈ కుర్చీల్లో కూర్చుని ఆమెన్ అన్నవాళ్ళను నేను పంపాను. మీ పాస్టరుగారికి తెలీదు. ఆయన్ని నమ్మక పంపాను. దేవుణ్ణి కూడా నమ్మలేదేమో, తెలీదు. ఇంకోటి. నేను సంఘం మొదలుపెట్టినప్పుడు నలభై మంది వచ్చారని ఈయనకు చెప్పాను. వచ్చింది నలుగురు. నన్ను చూసి వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు. తొమ్మిది నెలలు అలాగే నడిచింది. ప్రతి ఆదివారం ఇంటికెళ్ళి ఏడ్చేవాణ్ణి. ఈ మాట ఈయనకు మొదటిరోజే చెప్పుండాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు. మీరందరూ నన్ను క్షమించాలి."

కూర్చున్నారు. ఇంకేమీ అనలేదు, బతిమాలలేదు. అమ్మగారు చూసి ఉంటే ఆశ్చర్యపోయేవారు.

లిఫ్టు పాస్టరు నేల చూస్తూ నిలబడ్డాడు. సెలవు తీసుకునే మాటలు అతని నాలుక చివరే ఉన్నాయని పెద్దయ్యగారికి తెలుసు. ఇంక ఆయన చెయ్యగలిగింది కూడా ఏమీ లేదు.

అప్పుడు కాపలావిడ చెయ్యెత్తింది, ఆ గదిలో డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ళు ఎత్తినట్టు. "పాస్టరుగారూ, వాళ్ళింక రారా?"

"రారమ్మా."

"అయితే ఒకటి అడుగుతాను. వాళ్ళుంటే నాకు నోరు రాదు. మంచి బట్టలేసుకుని అన్నిటికీ ఆమెన్ ఆమెన్ అంటారు, వాళ్ళకన్నీ తెలిసినట్టే ఉంటుంది. నాకేమో పోయినవారం మీరు చెప్పింది నచ్చలేదు."

స్కూలాయన తాళంచెవులు చప్పుడు చెయ్యడం ఆపాడు.

"ఏది నచ్చలేదమ్మా?"

"అదే, గొర్రెల సంగతి. ఒకటి తప్పిపోతే కాపరి తొంభై తొమ్మిదిటిని వదిలేసి దాన్ని వెతుక్కుంటూ పోయాడన్నారు. గొప్ప ప్రేమ అన్నారు. నేను గేటు దగ్గర పనిచేసేదాన్నండి. ఒక ఇంటాయన పిల్లి కనపడలేదని నేను గేటు వదిలి పోతే ఏమవుతుంది? వెనక ఉన్నవాళ్ళకు కాపలా ఎవరు? వారం రోజులుగా గేటు దగ్గర కూర్చుని ఇదే ఆలోచిస్తున్నాను. ఆ కాపరి తప్పు చేశాడనే నాకనిపిస్తోంది."

"నాకూ అలాగే అనిపించింది" అన్నాడు ముసలాయన. "ఈవిడ మోచేత్తో పొడిచి ఊరుకోమంది."

లిఫ్టు పాస్టరుకు పెద్దయ్యగారు నేర్పిన జవాబు ఒకటుంది, మూడు భాగాలుగా. అది అతని నోటి దాకా వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. అతను 'ఆగుము' పటం కింద నుంచి ఇవతలికి నడిచాడు. ఒక ప్లాస్టిక్ కుర్చీ లాగి కాపలావిడ ఎదురుగా వేసుకుని కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి.

"నాకు తెలీదమ్మా. నేనూ అంత ఆలోచించలేదు. ఒకటి మాత్రం తెలుసు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయి అందులో ఒకరు ఇరుక్కుంటే, కింద ఉన్న ఇరవై మంది నన్ను చుట్టుకుని మేం పైకెలా పోవాలి అని కేకలేస్తారు. నేను వాళ్ళకు జవాబు చెప్పను. లోపలున్న ఒక్కరి దగ్గరికే పోతాను. కిందున్నవాళ్ళకు మెట్లున్నాయి. లోపలున్న మనిషికి నేను తప్ప ఎవరూ లేరు. అదీగాక చీకటి. తలుపు మీద తట్టి, నేనొచ్చాను, ఇక్కడే ఉన్నాను అని ముందు చెప్పాలి. తీసేది తరవాత."

ప్రసంగంలో గ్రీజు వాసన రాకూడదని అతనికి చెప్పింది పెద్దయ్యగారే. ఏడు నెలలుగా ఆ పిల్లవాడు బుద్ధిగా చేతులు కడుక్కుని, తన దగ్గరున్న మంచి సరుకంతా గుమ్మం బయట వదిలి వస్తున్నాడన్నమాట. పప్పులో కాలెయ్యడమంటే ఇదే అనుకుని ఆయన తల పట్టుకున్నారు.

చంటిపిల్ల తల్లి మెల్లగా అంది, "లోపల ఇరుక్కున్నప్పుడు ఎవరైనా తలుపు తడితే చాలండి, నిజం." ఆ అమ్మాయి గొంతు ఆ గదిలో ఎవరూ ఇంతవరకు వినలేదు. ఏమైందమ్మా అని ముసలావిడ అడిగింది. ఆ అమ్మాయి చెప్పింది. అది అక్కడున్న ఆరుగురి మధ్య మాట, ఇక్కడ మనకు అనవసరం. స్కూలాయన తాళంచెవులు జేబులో వేసుకుని, తన కుర్చీ కూడా దగ్గరికి లాక్కున్నాడు. ప్రసంగం ఊసే లేదు. పన్నెండున్నర అయింది. వెనక వరసలో ఒక్కరే మిగిలిపోయిన పెద్దయ్యగారిని పిలవాలని ఎవరికీ తోచలేదు.

చివరికి కాపలావిడ డ్యూటీ వేళైందని లేచింది. శాలువా సర్దుకుంటూ అంది, "లిఫ్టు మాట బాగుంది. అయినా నా గేటు సంగతి తేలలేదు పాస్టరుగారూ. నేను ఊరుకోను. వచ్చేవారం ఆలోచించుకుని వస్తాను, మీరూ ఆలోచించి ఉంచండి. ఉంటారుగా?"

మాటవరసకే అడిగింది. కవరు సంగతి ఆవిడకేం తెలుసు? పెద్దయ్యగారు మాత్రం కుర్చీ అంచు పట్టుకున్నారు.

లిఫ్టు పాస్టరు కాపలావిడ మొహంలోకి చూశాడు, తరవాత మిగతా నలుగురినీ ఒక్కొక్కరినీ చూశాడు.

"ఉంటానమ్మా" అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు అతను వెనక వరస వైపు తల కూడా తిప్పలేదు. పెద్దయ్యగారు చేతిరుమాలు తీసి కళ్ళు తుడుచుకున్నారు, ఎవరూ చూడకముందే మెల్లగా లేచి ఇంటికి నడిచారు. ఆదివారం మధ్యాహ్నం, ఆకలి దంచేస్తోంది.